మౌఢ్యంలో పట్టిన వక్క

శుక్రుడు సూర్యుడి చాటుకు వెళ్లిన పన్నెండో రోజున నేను బోధన్‌కు బయలుదేరాను. శుక్రుడికీ నా ప్రయాణానికీ ఏమిటి సంబంధమంటే, శుక్రుడు కనబడకపోతే మౌఢ్యం. మౌఢ్యమొస్తే పెళ్లిళ్లుండవు. పెళ్లిళ్లు లేకపోతే నిజామాబాద్‌లో మా బావమరిది నర్సింలు నడిపే పెళ్లి బ్యాండుకు పని ఉండదు.

నేను ముప్పై ఏళ్లు కామర్స్ లెక్చరరుగా చేసి రిటైరయ్యాను. వ్యాపారాన్ని బయటి నుంచి శాసించే శక్తులని ఏటా బోర్డు మీద నాలుగు గళ్ల బొమ్మ గీసేవాణ్ణి: ప్రభుత్వం, మార్కెట్టు, సమాజం, సాంకేతికత. ఆ బొమ్మలో శుక్రుడికి గడి లేదు. జీవితంలో నేను ఒక్క వ్యాపారమూ చేయలేదు కనుక ఆ లోటు నాకెప్పుడూ తెలియలేదు.

ముందురోజు సాయంత్రం నర్సింలు మా ఇంటికొచ్చి కుర్చీ అంచున కూచున్నాడు. బోధన్ అవతల, మంజీర ఒడ్డున ఒక మరాఠీ కుటుంబంలో ఈ మౌఢ్యంలోనే పెళ్లి ఉందట. బ్యాండు కోసం చూస్తున్నారట.

"బావా, నువ్వు గూడ రావాలె. నేనొక్కన్నే పోతే బేరమాడుతరు. నువ్వుంటే ఇజ్జత్‌తోని మాట్లాడుతరు" అన్నాడు.

వాడి కంగారుకు కారణం సాయిలు. నవీపేట్ దగ్గరి ఊరివాడు, బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. అతను లేకపోతే మిగతా పదకొండుమందీ కలిసి చేసేది చప్పుడే. రెండు నెలలు పని లేదనేసరికి హైదరాబాదులో వాచ్‌మన్ కొలువు చూసుకున్నాడు. సోమవారంలోగా వస్తాననో రాననో చెప్పాలి. ఒక్క పెళ్లి దొరికినా ఆగుతానన్నాడు. మేము బయలుదేరింది శనివారం.

ఉదయం ఏడున్నరకు బస్టాండులో ఇడ్లీ తిన్నాం, ఇద్దరికీ కలిపి ఎనభై రూపాయలు. చట్నీలో కొబ్బరి వాసన మాత్రమే ఉంది. ఏడూ యాభైకి బోధన్ బస్సు వచ్చింది. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి సీట్లన్నీ వాళ్లవే. టికెట్టు కొన్న మేము నిలబడ్డాం. కండక్టరు సున్నా టికెట్లు చింపీ చింపీ అలిసిపోయి, మా నోటు చూసి చుట్టాన్ని చూసినట్టు చూశాడు.

నా పక్కన ఒక ముసలి రైతు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఎడపల్లి దాటాక ఎటు చూసినా కోసిన వరి మళ్లే.

"ఇది చెరుకు సీమ కదా తాతా, చెరుకేది?" అని అడిగాను.

"చక్కెర ఫ్యాక్టరీ నడిసినన్నాళ్లు దాని కూతకే లేస్తుంటిమి, దాని కూతకే తింటుంటిమి. గది బందయినంక చెరుకెవలు కొంటరు సార్? అందరం వరికే మర్లినం. ఇప్పుడు కూత లేదు, షుగర్ మాత్రం ఉన్నది" అని, జేబులోంచి మాత్రల పట్టీ తీసి చూపించాడు. బోధన్ చేరేసరికి కిటికీలోంచి పొగ లేని ఫ్యాక్టరీ గొట్టం కనబడింది. నా బొమ్మలోని 'మార్కెట్టు' గడి ఇలా ఉంటుందని ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా పిల్లల్ని తీసుకొచ్చి చూపించి ఉండాల్సింది. గంట దారి, నాకే తోచలేదు. సిగ్గేసింది.

తొమ్మిదింటికి బోధన్‌లో దిగి, చాయ్ తాగి, మనిషికి నలభై చొప్పున ఆటో ఎక్కాం. దారంతా ఆటోడ్రైవరు ఉచిత బస్సు తన కడుపు కొట్టిందని చెబుతూనే ఉన్నాడు. "మీ ఇంటామె దేంట్ల పోతది?" అని నర్సింలు అడిగితే, "బస్సులనే పోతది. నా ఆటోల ఎక్కుమంటే ఎందుకు ఎక్కుతది?" అన్నాడు.

ఊరి ముందు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఆటో ఆగితే దిగి ఫోటో తీసుకున్నాను. వడ్లు కాళ్లతో తిప్పుతున్న ఒక అక్క నన్నే చూసింది.

"ఫోటో ఏం దీస్తవ్ సార్, ఆ మబ్బు సూడు" అంది. ఆమె చంకలో మడత పెట్టిన టార్పాలిన్ ఉంది. పడమర దిక్కున చేటంత తెల్ల మబ్బు. నాకది అందంగానే కనబడింది, దాన్నీ ఫోటో తీసుకున్నాను.

పదింటికి గణపత్‌రావు ఇల్లు చేరాం. పెళ్లికొడుకు తండ్రి, పెద్ద మీసాలాయన. "యా, యా, బసా" అంటూ మంచం మీద కూచోబెట్టాడు. మౌఢ్యంలో పెళ్లేమిటని మర్యాదగా అడిగాను.

"కొడుకు మిలిటరీల ఉన్నడు సార్. సెలవు పదే దినాలు. శుక్రుణ్ణి బతిమాలొచ్చు, ఆఫీసర్‌ను బతిమాలలేం గద" అన్నాడాయన. వాళ్ల పంచాంగం వెనక పేజీల్లో ఇలాంటి అవసరాల కోసమే కొన్ని ముహూర్తాలు విడిగా వేస్తారట. ఆ పేజీని వేలితో నాకు చూపించాడు. మొదట డీజే మాట్లాడుకున్నారు. చప్పుడు ఎక్కువని ఠాణాలో పర్మిషన్ ఇవ్వలేదు. అందుకే బ్యాండు. నా నాలుగు గళ్లలో 'ప్రభుత్వం' మొదటిసారి మా వైపు తిరిగింది.

జొన్నరొట్టె, శెనగపిండితో చేసిన పిట్లా, పచ్చిమిర్చి ఠేచా పెట్టారు. ఠేచా దెబ్బకు మా ఇద్దరికీ కళ్లనీళ్లు వచ్చాయి. ఆ వైపు వెళ్లేవాళ్లు మజ్జిగ గ్లాసు దగ్గర పెట్టుకున్నాకే ముద్ద ముట్టుకోవాలి. తింటూ ఉండగానే మాటలన్నీ అయిపోయాయి. పన్నెండుమంది, రెండు పూటలు, రానూపోనూ బండి వాళ్లదే. నర్సింలు ముఖం వెలిగిపోయింది.

అప్పుడు గణపత్‌రావు తల్లి వచ్చింది. ఎనభై ఏళ్ల అవ్వ, ఇంట్లో అందరికీ ఆజీ, నుదుట రూపాయంత కుంకుమ. చేతిలో ఇత్తడి పళ్లెం, అందులో తమలపాకు, దాని మీద ఒక వక్క. వాయించేవాళ్లతో మాట కుదిరితే అక్కడ కాగితం రాసుకోరు. వక్క చేతిలో పెడతారు. పుచ్చుకుంటే మాట ఇచ్చినట్టే.

ఆజీ పళ్లెం చాపింది. నర్సింలు చెయ్యి సగం దాకా వెళ్లి ఆగింది. తర్వాత మెల్లగా వెనక్కి, వీపు చాటుకు పోయింది.

"ఏమైందిరా?" అన్నాను.

"బావా, ఇది మౌఢ్యం" అన్నాడు నా చెవిలో.

"ఆ సంగతి తెలిసే వచ్చాం కదా."

"వాయించుడు వేరే, ఒప్పుకునుడు వేరే. వాయించుడంటే రోజూ చేసేదే, దోషం లేదు. కొత్త పని మాట పట్టుడు మౌఢ్యంల చెయ్యరాదు. మా బాపు గూడ ఎన్నడు పట్టలే. ఇంటికాడ నాకు యాదికి రాలే."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పన్నెండు రోజులుగా శుక్రుణ్ణి తిట్టిపోస్తున్నవాడు, శుక్రుణ్ణి తప్పించుకోవడానికి జిల్లా సరిహద్దు దాకా వచ్చినవాడు, తీరా వక్క ముందుకొచ్చేసరికి ఆ శుక్రుడికే దండం పెడుతున్నాడు. ఆజీ ముఖం మాడిపోయింది. మరాఠీలో ఏదో అంది.

"వక్క వద్దంటే పెండ్లికి మంచిది కాదంటున్నది. ధర్మాబాద్ బ్యాండోళ్లు గూడ మూడింటికి వస్తమన్నరు" అన్నాడు గణపత్‌రావు, మీసం సర్దుకుంటూ.

నర్సింలు నేల చూశాడు. వాడి పెదాలు "సాయిలు" అన్నట్టు కదిలాయి. వాడి మీద నాకు కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ జాలి వేసింది. చిన్నప్పుడు వాళ్ల బాపు ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడినట్టే నిలబడ్డాడు.

"నేను పడితే?" అన్నాను.

గణపత్‌రావు తల్లిని అడిగాడు. ఆజీ నన్ను చెప్పుల దాకా చూసి, తల ఊపి, ఒక్క మాట చెప్పింది.

"ఎవలు పడితే వాళ్లదే జిమ్మేదారి అంటున్నది సార్. బ్యాండు రాకున్నా, వచ్చి వాయించకున్నా మిమ్మల్నే అడుగుతం."

నాకు మౌఢ్యం మీద నమ్మకమూ లేదు, అపనమ్మకమూ లేదు. చెయ్యి చాపాను. ఆజీ వక్కను అరచేతిలో పెట్టి, నా వేళ్లు తనే మూసింది. అరవై మూడో ఏట నేను వ్యాపారస్తుణ్ణయ్యాను. నర్సింలు వీపు చాటు నుంచి చేతులు ఇవతలికి తీసి, అవే చేతులతో నాకు దండం పెట్టాడు.

రెండింటికి మళ్లీ ఆటో, మూడూ పదికి బోధన్ నుంచి బస్సు. ఈసారి వెనక సీటు దొరికింది. నర్సింలు సాయిలుకు ఫోను చేసి సంగతంతా చెప్పి, ఫోను నా చేతికిచ్చాడు.

"సార్, వక్క మీరు పట్టిన్రట గద. హైదరాబాదోళ్లకు రానని చెప్పాల్నా? వాళ్లు మళ్లొక్కపారి అడగరు. నాకు ఇద్దరు బిడ్డలున్నరు. మీ మాట మీదనే చెప్తున్న" అన్నాడు.

ముప్పై ఏళ్లలో వేల పేపర్లు దిద్దాను. ఏ జవాబు మీదా ఒక ఇంటి తిండి ఆధారపడలేదు. జేబులో వక్కను తడుముకున్నాను.

"చెప్పు సాయిలూ" అన్నాను.

ఫోను పెట్టేసి కిటికీలోంచి చూశాను. పొద్దున చేటంత ఉన్న మబ్బు పడమరంతా పరుచుకుంది, తెలుపు పోయి నలుపెక్కింది. రోడ్డు పక్కన ఆడవాళ్లు వడ్లు కుప్పలు చేసి టార్పాలిన్లు లాగుతున్నారు. ఫోటో తీయాలని నాకు తోచలేదు. పెళ్లి గురువారం. వాన పడితే ఊరేగింపెలా, డోళ్ల తోలు తడిస్తే మోగేదెలా, బండిలో పన్నెండుమంది తడిస్తే వాయించేదెవరు?

"నర్సింలూ, మన డోళ్ల మీద కప్పడానికి టార్పాలిన్లు ఉన్నాయా?"

"పోయినేడే చినిగినయి బావా. కొత్తయి కొనాలె" అని, వేళ్ల మీద రోజులు లెక్కపెట్టి, "గని మౌఢ్యంల కొనరాదు" అన్నాడు.

నాలుగూ పదికి నిజామాబాద్‌లో దిగాం. ఆ మంజీర ఒడ్డుకు పోవాలనుకునేవాళ్లకు నేను చెప్పేదొక్కటే: జొన్నరొట్టెలు చాలా బాగుంటాయి, మజ్జిగ మరిచిపోవద్దు, ఇత్తడి పళ్లెం ఎదురుగా వస్తే చెయ్యి చాపేముందు ఆకాశం ఒకసారి చూసుకోండి. నేను చూసుకోలేదు. నర్సింలు ఇంటి దారి పట్టాడు. నేను తొలి చినుకులు పడుతుండగా టార్పాలిన్ల దుకాణం వెతుక్కుంటూ పోయాను.