రెండు వేళ్ల వదులు

ఆ తోలుపని పెద్దాయన టేపు పట్టగా నేను చూడలేదు. ఒంటిమీద జేనలు, వేళ్లు వేసి కొలిచేవాడు. యుద్ధం ముగిసిన ఏడాది మదనపల్లెలో నాకు తోలుకోటు కుట్టింది ఆయనే. ఆరు నెలలకే అది వదులైంది. బిగించమని పుంగనూరు నుంచి బస్సెక్కి వెళ్లాను.

ఆయన నా పక్కటెముకల మీద వేళ్లు ఆనించాడు. మళ్లీ ఆనించాడు. కోటు మడిచి నా చేతికిచ్చేశాడు.

"దీన్ని బిగించను. రెండు వేళ్లు తగ్గిండావు. ఎన్నాళ్లనించి దగ్గుతాండావప్పా?"

దగ్గు సంగతి నేను ఇంట్లో కూడా చెప్పలేదు.

"నీకెట్లా తెలిసింది పెద్దాయనా?"

"ఇట్లే దగ్గుతాండిన మా పిల్లోని సొక్కా రెండుసార్లు బిగించినా. మూడోసారి కొలుద్దామంటే వాడు లేడు. నువ్వు ఈడ్నించి నేరుగా ఆస్పత్రికి పో."