పక్షిదోషం లేదని రుజువు చేశాను

1937 శీతకాలం. బోధన్‌లో చక్కెర కార్ఖానా గోడలు లేస్తున్న రోజులు. నేను నిజామాబాదులో ఆడవాళ్ల దవాఖానా డాక్టర్ని. పిల్లల వార్డు వరండా వెనక ఒక పాత తోట ఉండేది. హైదరాబాదులో చదివేటప్పుడు బాగే ఆమ్ తోటలో డేగలనూ వలసపిట్టలనూ చూసే పిచ్చి పట్టింది నాకు. "ఆడపిల్ల ఆకాశం చూస్తూ నిలబడితే జనం ఏమనుకుంటారే?" అని మేనత్త సణిగేది. జనం తలదించుకొని నడుస్తారు, వాళ్లకేం కనిపిస్తుంది అనేదాన్ని. ఆ పిచ్చి నాతోపాటే బదిలీ అయింది. చలి మొదలవగానే ఎక్కడో ఉత్తరదేశాల నుంచి గులాబీరంగు గోరింకలు వచ్చేవి. పగలంతా జొన్నచేల మీద పడి మేసి, పొద్దువాలేసరికి మా తోట చెట్లెక్కేవి. వాటి వెంటే డేగ.

ఆ ఏడు ఎడపల్లి నుంచి సాయవ్వ అనే పడుచు తల్లి, ఆమె అత్త నాగవ్వ ఒక ఆడపసికందును తెచ్చారు. జబ్బు మరాస్మస్, అంటే తిండి చాలక బిడ్డ ఎండుకుపోవడం. కాన్పు తర్వాత జ్వరపడి సాయవ్వకు పాలు రాలేదు. దీనికి మందంటూ లేదు. కాచిన పాలలో నీళ్లు కలిపి చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి, ఎండ చూపాలి, రోజూ తూచాలి.

నాగవ్వకు కారణం ముందే తెలుసు. "గిది పక్షిదోషం డాక్టరమ్మా. పొద్దుగూకంగ బిడ్డ గుడ్డలు బయటున్నయి. మీదికెల్లి పిట్ట పోయింది."

"ఏ పిట్ట?"

"ఏదైతేంది? పిట్టే."

"ఈ తోట మీంచి రోజూ గుంపులకు గుంపులు పోతాయి. నీ లెక్కన ఈ వార్డులో ఒక్క పిల్లా బతకొద్దు."

"బతుకుతున్నరా మరి?" అంది ముసలిది.

ఆ పొద్దుటే ఒక తొట్టె ఖాళీ అయింది. నేను మాట మార్చాను.

గుడ్డలు లోపల ఆరేస్తే పోయేదేముంది, ఆమె మనసు కుదుటపడుతుంది అంది నర్సు. ఇవాళ గుడ్డల దగ్గర ఒప్పుకుంటే రేపు పాల దగ్గరా ఒప్పుకోవాలి అన్నాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

నాగవ్వ చెరుకు పనికి ఊరికి పోయింది. సాయవ్వ మిగిలింది. సాయంత్రాలు ఆమెను వరండాలో కూర్చోబెట్టి పిట్టలను చూపించేదాన్ని. మొదట బిడ్డను కొంగు కింద దాచుకునేది. తర్వాత తల ఎత్తింది. ఆ తర్వాత నాకంటే ముందే డేగను కనిపెట్టేది.

"అగో, వచ్చిండు పోలీసు అమీన్‌సాబు. ఇగ సూడు, అందరు గప్‌చుప్!" అని నవ్వేది. నిజంగానే చెట్లన్నీ ఒక్కసారి మూగబోయేవి. డేగ మా నెత్తిమీంచే దూసుకుపోయేది. "బిడ్డ మీదికెల్లే పోయింది గద, రేపు తూస్తం" అనేది. మర్నాడు ముల్లు కొంచెం ముందుకు జరిగేది. అలా కొన్నాళ్లు చూసి తనే తేల్చింది: "పిట్టలు ఏం జెయ్యయి డాక్టరమ్మా. పాలే గావాలె." ఏ పరీక్ష పాసైనప్పుడూ నాకంత గర్వం కలగలేదు.

ఒకరోజు పొద్దుగూకే వేళ నాగవ్వ వచ్చింది. గోరింకలు మబ్బులా తిరుగుతున్నాయి, దండెం మీద గుడ్డలు, కోడలి ఒళ్లో ఏమీ కప్పని బిడ్డ. ఆమె కేక వార్డంతా వినిపించింది. "నా బిడ్డను పిట్టలకు బలిస్తున్నరా?"

నేను బరువు చెప్పాను, పాలు చెప్పాను, గొంతు పోయేదాకా వాదించాను. సాయవ్వ కూడా లేచింది. "అత్తా, బరువెక్కింది. నేను సూసిన."

"నువ్వు సూసినవా? నేను కన్న ఇద్దర్ని బొందవెట్టిన!" అంది నాగవ్వ. బిడ్డను గుండెకు అదుముకొని, ఏడుస్తూనే తీసుకుపోయింది. ఆ ప్రేమ అబద్ధం కాదు, అదే నాకు కోపం. సాయవ్వ వెనక్కి చూస్తూ వెంట నడిచింది. తహసీల్దారు దగ్గరికి పోయాను. "ఇంటి పిల్లను ఇంటికి తీసుకుపోతే కేసేముందమ్మా?" అన్నాడాయన.

గోరింకలు వెళ్లిపోయాక సాయవ్వ ఒక్కతే వచ్చింది. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"మంత్రగాడు వాతలు వెట్టిండు. పాలు బంద్ జెయ్యిమన్నడు" అంది. "దొంగసాటుగ పట్టిన. అత్త సూసి చెంచ గుంజుకుంది."

నీ తప్పేం లేదమ్మా అన్నాను.

"మా అత్తకు మంచిగున్నది డాక్టరమ్మా. పొద్దుగాల లేస్తె పిట్టల్ని తిట్టుకుంట ఏడుస్తది, ఏడ్చి పంటది. నేనెవల్ని తిట్టాలె? పాలు లేక పోయిందని నాకెర్కనే. ఎర్కుండి ఊకున్న. పిట్ట తీస్కపోయిందనుకుంటె నాకు గూడ నిద్ర వస్తుండె. గదెందుకు నేర్పినవ్ నాకు?"

పాలగిన్నె మీద హక్కులేని మనిషికి పాల సంగతి చెప్పి పంపితే, బిడ్డ దక్కదు, ఏడవడానికి ఒక సాకూ మిగలదు. ఆ కేసు నాకు నేర్పింది ఇదే. ఆ తర్వాత అత్త ఒప్పుకోనిదే ఏ కోడలికీ ఏమీ నేర్పలేదు. అత్తలు ఒప్పుకున్నది తక్కువ. నేను నేర్పిందీ తక్కువే.