మైనపు దెయ్యం ఎవరు?

మా వీధి తెలుగు మాస్టారు శుక్రవారం పొద్దున్న పోయారు. కబురు చెప్పింది మా అమ్మాయే. "నాన్నా, మాస్టారు పోనారట. ఇప్పుడు మా కత ఎవులింటారు?" అని ఏడ్చింది. మీరు ఆయన్ని ఎరగరు. నాకూ, నా కూతురికీ ఆయనే చదువు చెప్పారు.

బొబ్బిలిలో వీణలు చేసేవాళ్ళ వీధి మాది. రిటైరయ్యాక మాస్టారు పిల్లల కోసం ఒక దెయ్యం నవల మొదలుపెట్టారు. రాసింది రాసినట్టు ఆదివారం వరండాలో కూర్చోబెట్టి చదివి వినిపించేవారు. మధ్యలో ఎవరైనా మంచినీళ్ళకు లేస్తే ఆ పేజీ కొట్టేసేవారు. "దాహం గుర్తొచ్చిందంటే బయమెయ్యనేదన్నమాట," అనేవారు.

ఆ దెయ్యం ఎవరూ లేని గదిలో వీణ వాయిస్తుంది. వీణ మెట్లు నిలబెట్టే మైనాన్ని దొంగిలిస్తుంది. గోడల మీద నల్లటి వేలిముద్రలు వదిలిపోతుంది. పిల్ల డిటెక్టివులు నల్లటి వేళ్ళవాడి కోసం వీధంతా గాలిస్తారు. మైనంలో బొగ్గుపొడి కలిపే వీధిలో నల్లటి వేళ్ళు లేనిదెవరికి? చివరికి సొంత తాతల మీదే అనుమానపడి, వాళ్ళు నిద్రపోతుంటే వేళ్ళు వాసన చూస్తారు. అది విన్న రోజు మా అమ్మాయి నిజంగానే మా నాన్న వేళ్ళు వాసన చూసి తిట్లు తింది.

చివరి అధ్యాయం ఒక్కటే మిగిలి ఉండగా మాస్టారు మంచాన పడ్డారు. దెయ్యమెవరో చెప్పమని పిల్లలు చుట్టూ చేరారు. "నాకూ తెల్దర్రా. ఆదివారం మీరే వొచ్చి సెప్పండి. బాగా సెప్తే నాను బయపడతాను," అన్నారు. వాళ్ళు వెళ్ళాక నాతో, "బతుకంతా నాను సెప్తే పిల్లలిన్నారురా. ఒక్కపాలి ఆళ్ళు సెప్తే ఇనాలనుంది," అన్నారు.

వారమంతా పిల్లలు గుసగుసలాడుతూ కథ అల్లారు. అది వినకుండానే ఆయన వెళ్ళిపోయారు. నాకు కోపమొచ్చింది, ఆయన మీదే కాబోలు.

ఆదివారం పిల్లలు మామూలుగానే బయల్దేరారు. చావు జరిగిన ఇల్లు కదా అని వెనక్కి పిలవబోయాను. మాస్టారి భార్య తలుపు తీసి, "రానీ బాబూ. మీ మాస్టారు నేకపోతే కత ఆగిపోతాదేటి? కూకోండర్రా," అన్నారు. ఆయన కుర్చీ తెచ్చి వరండాలో వేశారు.

అందరిలో పెద్దపిల్ల కథ అందుకుంది. మిగతావాళ్ళు మధ్యమధ్యలో అడ్డం పడుతున్నారు. మా అమ్మాయి మాత్రం, భయపడాల్సిన చోటు వచ్చినప్పుడల్లా, ఖాళీ కుర్చీ వైపు తొంగి చూస్తోంది.