అవ్వకేగా!

డెబ్బయ్యవ దశకం చివర్లో జహీరాబాద్‌లో, బొంబాయి రోడ్డు పక్కనున్న ఒక అల్లం గోదాములో గుమాస్తాగా పనిచేశాను. మేనేజరు కోస్తా నుంచి వచ్చినాయన. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. బస్తా కుట్టు లోపలి వైపే ఉండాలి, కడవ మీద మూత బోర్లించే పెట్టాలి, చీపురు ఆ మూలే ఉండాలి. ఏది చెప్పినా చివర "ఏం చెప్పాను? చెప్పు" అని మాతో తిరిగి అనిపించేవాడు. గడ్డం నెరిసిన హమాలీలు కూడా బడిపిల్లల్లా అప్పజెప్పేవాళ్ళు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మేము తట్టుకున్నదల్లా నవ్వుతోనే. ఆయన అటు తిరగ్గానే పెద్ద హమాలీ, "సార్, తుమ్మొస్తుంది. తుమ్మాల్నా, ఆపాల్నా?" అని మెల్లగా అనేవాడు. బస్తాల వెనక కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళం. మానేసి పోదామంటే ఆ ఏడు వానల్లేవు. న్యాల్‌కల్ దగ్గర మా ఊళ్ళో చేను ఎండిపోయింది. నా జీతం వస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఒక పొద్దున లారీ నింపుతుంటే చిన్నాయన సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.

"మీ అవ్వకు పానం ఆగమైంది బిడ్డా. నిన్నే కలవరిస్తుంది. జల్ది నడువు."

మా దిక్కు కన్నతల్లినే అవ్వ అంటాం. మా పొలిమేర అవతల కన్నడం మాట్లాడేవాళ్ళూ అంతే. మేనేజరు గదిలోకి ఉరికాను.

"సార్, అవ్వకు పానం మంచిగ లేదంట. జర పోయొస్త."

"అవ్వకేగా! పెద్దవయసులో ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. లారీ వెళ్ళాక వెళ్దువుగాని."

"అట్ల కాదు సార్..."

"నన్ను మాట్లాడనీ. ఏం చెప్పాను? చెప్పు."

"లారీ పోయినంక పొమ్మన్నరు."

ఏం పెద్దవయసు? మా అవ్వకు తల ఇంకా నెరవనే లేదు. వీడు కసాయి అనుకుంటూ బయటికొచ్చాను. సంగతి విని చిన్నాయన ఉమ్మేశాడు. "వాడు మనిషేనా? నీ నౌకరి పాడుగాను, నడువు." ఆ నౌకరి పోతే ఇంట్లో అందరూ ఏం తింటారు? వెనక వస్తానని ఆయన్ని పంపించేశాను.

మధ్యాహ్నానికి లారీ నిండింది. మేనేజరు వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. కొన్ని బస్తాల కుట్టు బయటికి కనబడుతుందని మొత్తం దింపించాడు. మళ్ళీ ఎక్కించే సరికి పొద్దు వాలింది. పెద్ద హమాలీ ఆ రోజు ఒక్క పరాచికం ఆడలేదు.

నేను ఊరు చేరేసరికి అవ్వను వాకిట్లో పండబెట్టారు. "నువ్వొస్తవని తలుపు దిక్కే చూసింది అన్నా," అని చెల్లె నా మీద పడి ఏడ్చింది. నాకు ఏడుపు కూడా సరిగా రాలేదు.

దినాలైనంక గుండుతో పనికి వచ్చాను. లారీ దగ్గర నిలబడ్డ మేనేజరు నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎవరు పోయారయ్యా?"

"అవ్వ, సార్."

"అవ్వ పోతే నీకు గుండేంటి? మీ నాన్న లేడా చేయించుకోడానికి?"

"నన్ను కన్న అవ్వ, సార్."

ఆయన మొహం పాలిపోయింది. ఇప్పుడైనా తప్పైందంటాడేమోనని చూశాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మరి అమ్మ అని చెప్పాలి కదయ్యా! మాట్లాడటం కూడా నేనే నేర్పాలా? కన్నతల్లిని అమ్మ అనాలి. ఏం చెప్పాను? చెప్పు."

హమాలీలంతా పని ఆపి నా దిక్కు చూస్తున్నారు. ఆ గొంతు పిసకాలన్నంత కోపం వచ్చింది. ఇంటి దగ్గర చెల్లె, పొయ్యి గుర్తొచ్చాయి.

"అమ్మ," అన్నాను.

అవ్వ బతికుండగా నేను ఆమెను ఒక్కనాడూ అట్ల పిలవలేదు.