గుసగుసలు పట్టే రికార్డరు

మా మరిదిని అందరూ సుత్తి అంటారు. కబుర్లతో బుర్ర తినేసే మనిషి కాబోలు అనుకునేరు. మాట్లాడే ఓపికే అతనికి ఉంటే మా ఇంట్లో ఇంత రక్తం కారేది కాదు. దెబ్బతిన్న కార్ల రేకులు సాపు చేయడం అతని పని. పొద్దున్నే తన షెడ్డులో ఇనుప దిమ్మె ముందు కూర్చుని సొట్టలు పడ్డ తలుపుల్నీ బానెట్లనూ కొట్టి కొట్టి దారికి తెస్తాడు. మనుషుల్ని కూడా అలాగే దారికి తేవచ్చని అతని నమ్మకం.

నేను ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుని. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక డ్యూటీ అయిపోవడమంటే ఏమిటో ఎరగను. పనిలో వంక పెట్టిన కారు యజమానిని బంపరుతో బాదాడు మా సుత్తి. ఆ యజమాని జాకీ రాడ్డు తీసుకుని తిరగబడ్డాడు. ఆ రోజు మా మరిది కనుబొమ్మ కుట్టాను. సినిమా హాలు దగ్గర ఎవడో మా ఆయన్ని తోశాడని గుంపు మీద పడి కొట్టి వచ్చిన రోజున నెత్తి కుట్టాను. కుడుతున్నంతసేపూ తిడుతూనే ఉంటాను. అతను నా వైపు ఎడమ చెవి పెట్టి కూర్చుంటాడు. అది వినపడని చెవి. నా తిట్లన్నీ అందులో పోయించుకుని చల్లగా లేచి వెళ్ళిపోవడం అతనికి అలవాటు.

ఆ చెవి సంగతి చెప్పకపోతే ఈ మనిషి మీకు అర్థం కాడు. మా మామగారు నోటికంటే ముందు చెయ్యి లేచే మనిషి. మా ఆయన కుర్రతనంలో ఎక్కడో పాత శాక్సోఫోన్ ఒకటి సంపాదించి ఇంట్లో ఊదడం మొదలుపెట్టారు. ఒకరోజు నిద్ర చెడిపోయిందని మామగారు ఊగిపోతూ వచ్చి పెద్దకొడుకు మీద చెయ్యెత్తారు. తమ్ముడు మధ్యలో దూరాడు. ఆ దెబ్బ అతని ఎడమ చెవి మీద పడింది. రక్తం మెడ మీదికి కారుతున్నా అతను ఏడవలేదట. "నువ్వు ఊదన్నయ్యా, ఏం చేస్తాడో చూద్దాం" అన్నాడట. పెళ్ళైన కొత్తలో మా ఆయన ఈ సంగతి నాకు చెప్పి, మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ దెబ్బతో పుట్టిన జంట వాళ్ళిద్దరిదీ. ఆదివారం మధ్యాహ్నం షెడ్డు షట్టరు సగానికి దించి వాయించుకుంటారు. మా ఆయన శాక్సోఫోన్, సుత్తి డ్రమ్స్, పక్క వీధి టైలరు కీబోర్డు. వినడానికి వచ్చినవాళ్ళు పాత టైర్ల మీద కూర్చుంటారు. వారమంతా రేకు మీద కొట్టే చేతులు ఆ పూట డ్రమ్ముల మీద కొడతాయి. డ్రమ్ముల వెనక ఆ స్టూలు మీద కూర్చున్నప్పుడే అతని ముఖంలో కోపం కనపడదు. పెళ్ళాం, పిల్లలు, స్నేహితులు, అన్నీ అతనికి ఆ స్టూలే.

కొన్నాళ్ళుగా ఆ పూట కూడా కొట్లాటే అయింది.

"పరిగెడుతున్నావురా. నీ వెనక నేను అందుకోలేకపోతున్నా" అంటారు మా ఆయన.

"నువ్వే ఈడుస్తున్నావు. ఎద్దుబండి తోలుతున్నావా?" అంటాడు సుత్తి.

ఒక వారం డ్రమ్ముని కాలితో తన్ని గోడకి కొట్టాడు. ఇంకో వారం స్పానరు విసిరితే, బాగుచేయడానికి వచ్చిన కారు ముందద్దం బద్దలైంది. రికార్డు చేసి వింటే తేలిపోతుందని టైలరు అన్నాడు. నా ఫోనులో పెట్టి చూశాం. డ్రమ్ము మొదలవగానే పాటంతా గరగరమంది. సుత్తి నా ఫోనుని రేకుల కుప్పలోకి విసిరేశాడు. ఫోను నాది కదా, అతనికేం పోయింది!

అప్పుడు మా ఆయన తెగేసి చెప్పారు. "మంచి రికార్డరు ఒకటి కొందాం. తప్పు నీదే అని తేలిందో, ఆ స్టూలు మీద టైలరు బావమరిది కూర్చుంటాడు."

సుత్తి ముఖం పాలిపోయింది. అతను కొట్టినప్పుడు నేనెన్నడూ భయపడలేదు. ఆ ముఖం చూసి భయపడ్డాను. ఆ స్టూలు పోతే ఇతను ఎవర్నో ఒకర్ని చంపుతాడు, లేకపోతే తనే చస్తాడు అనిపించింది.

"సరే. కానీ రికార్డరు నేనే ఎంచుతా. మీరు తెస్తే అది మీ పక్కనే మాట్లాడుతుంది" అన్నాడు.

షాపుకి నన్ను తోడు తీసుకెళ్ళాడు. గొడవైతే కుట్టడానికి ఒకరుండాలి కదా. ఖరీదైనవన్నీ అద్దాల బీరువాలో ఉన్నాయి, వాటి జోలికి మేం పోలేదు. మా తాహతుకి తగ్గవి రెండు తీసి సేల్స్‌మన్ బల్ల మీద పెట్టాడు. మొదటిదానికి పక్కన చిన్న చక్రం ఉంది.

"మ్యూజిక్‌కైతే ఇది తీసుకోండి సార్. సౌండు ఎంత పడాలో ఈ చక్రం తిప్పి మీరే పెట్టుకోవాలి. పెద్దది పెద్దగా, చిన్నది చిన్నగా పడుతుంది. ఆ రెండోది మీటింగులకీ క్లాసులకీ వాడతారు. దానంతటదే సౌండు పెంచుతుంది, తగ్గిస్తుంది. దూరంగా గుసగుసలాడినా లాగి పట్టేస్తుంది గానీ, డ్రమ్ముకి పనికిరాదు."

సుత్తి రెండోదాని ఇయర్‌ఫోను కుడి చెవిలో పెట్టుకున్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి, ఈ పీడ ఎప్పుడు వదులుతుందిరా దేవుడా అని నాలో నేను గొణుక్కుంటున్నాను. ఉన్నట్టుండి అతను గిరుక్కున తిరిగాడు.

"వదినా! నన్ను పీడ అన్నావు! వినపడింది!"

పీడ అనిపించుకుని అంత సంతోషపడిన మనిషిని నేను చూడలేదు. చిన్నప్పట్నించీ అతనికి అందకుండా పోయిన చిన్న చిన్న చప్పుళ్ళన్నీ ఆ ఇయర్‌ఫోనులో ఉన్నాయి. ఫ్యాను కిర్రుమనడం, పక్క కౌంటరులో కాగితం నలపడం, ఒక్కొక్కటీ చూపించి నాకు చెప్పాడు. అయినా చక్రం ఉన్నదే తీసుకోమన్నాను. ఎడమ చెవి నా వైపు తిప్పాడు.

"సార్, మళ్ళీ చెప్తున్నా, డ్రమ్ముకి..." అన్నాడు సేల్స్‌మన్.

మాట పూర్తి కాలేదు. సుత్తి అతని కాలరు పట్టి బల్ల మీదికి లాగాడు. చొక్కా గుండీ తెగి నా కాళ్ళ దగ్గర పడింది, గడ్డం బల్ల అంచుకి కొట్టుకుని చిట్లింది.

"నాకు వినపడనివి కూడా దీనికి వినపడుతున్నాయి. దీనికంటే న్యాయంగా ఎవడు చెప్తాడురా?"

సేల్స్‌మన్ గడ్డానికి నేనే దూది అద్ది, దండం పెట్టి, ఆ రెండోదే తీసుకుని బయటపడ్డాం.

ఆదివారం దాన్ని డ్రమ్ములకి ఎదురుగా పనిముట్ల అరలో పెట్టారు. ఒక పాట వాయించి, స్పీకరుకి తగిలించి విన్నారు. సేల్స్‌మన్ చెప్పినట్టే అయింది. డ్రమ్ము మీద దెబ్బ పడ్డప్పుడల్లా ఆ రికార్డరు బెదిరిపోయి సౌండు మొత్తం తగ్గించేస్తోంది. శాక్సోఫోన్ మునిగిపోతోంది, మళ్ళీ మెల్లగా తేలుతోంది, ఈలోగా ఇంకో దెబ్బ పడుతోంది. ఆ వాయిద్యాన్ని ఎవరో నీళ్ళలో ముంచి చంపుతున్నట్టుంది.

"కొట్టినప్పుడల్లా అన్నయ్యని మింగేస్తున్నావు కదయ్యా" అన్నాడు టైలరు.

"రికార్డరుది తప్పు, అతనిది కాదు" అన్నాను నేను. ఎవరు వింటారు?

"ఇంకోసారి" అన్నాడు సుత్తి. బటన్ నొక్కి వచ్చి కూర్చున్నాడు.

పాట సగంలో మా ఆయన ఆపేశారు. ముఖం ఎర్రబడి చెమటలు కారుతున్నాయి. "చాలు. లే ఆ స్టూలు మీంచి" అన్నారు.

సుత్తి లేచాడు. లేచిన ఊపులోనే పిడికిలి వెళ్ళి మా ఆయన నోటి మీద పడింది. కట్టెపుల్ల విరిగినట్టు చప్పుడైంది. శాక్సోఫోన్ నేల మీద పడి దొర్లింది. మా ఆయన గోడకి జారిపోయి, అరచేతిలో రక్తంతో పాటు ముందుపళ్ళు రెండు ఉమ్మారు. ఊదడానికి పై పళ్ళు ఆనాలి. అవి లేనివాడు శాక్సోఫోన్ ఎత్తలేడని అక్కడున్న అందరికీ తెలుసు. టైలరు షట్టరు కింద నుంచి దూరి పారిపోయాడు. నేను సుత్తిని పట్టుకుని వీపు మీద, నెత్తి మీద ఎడాపెడా కొట్టి, దూది కోసం లోపలి గదిలోకి పరిగెత్తాను.

లోపలుండగా సుత్తి దెబ్బ ఒకటి వినిపించింది. దిమ్మె మీద పడితే అది ఖంగుమని మోగుతుంది. ఈసారి మోగలేదు.

వచ్చి చూస్తే కుడి చెయ్యి దిమ్మె మీద పరిచి ఉంది. ఎడమ చేతిలో పెద్ద సుత్తి. వేళ్ళు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతున్నాయో తెలియడం లేదు.

"అన్నయ్య మీద లేచిన చెయ్యి వదినా. ఇంక లేవదు" అన్నాడు, చాలా మామూలుగా.

ఇద్దర్నీ ఒకే ఆటోలో వేసుకుని మా ఆసుపత్రికే తీసుకెళ్ళాను. ఒకరి చిగుళ్ళు కుట్టారు, ఒకరి చేతిలో కడ్డీలు వేశారు. ఇంక ఈ చెయ్యి డ్రమ్ము పుల్ల పట్టదని సర్జను నాకు చెప్పాడు. ఇంటికొచ్చాక మా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. సుత్తి షెడ్డులోనే ఉండిపోయాడు, అన్నం పంపితే ముట్టలేదు. ఇద్దరి మీదా నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఏడుపు కూడా రాలేదు.

షెడ్డులో రక్తం కడుగుతుంటే అరలో రికార్డరు కనపడింది. దాన్ని ఎవరూ ఆపలేదు, బ్యాటరీ అయిపోయి అదే ఆగింది. బ్యాటరీలు మార్చి, ఇయర్‌ఫోను పెట్టుకుని విన్నాను. సగం పాట. దెబ్బ. శాక్సోఫోన్ పడటం, టైలరు చెప్పుల చప్పుడు, నా తిట్లు, నా పరుగు. తర్వాత పెద్ద చప్పుళ్ళు లేవు కాబట్టి అది దానంతటదే చిన్న చప్పుళ్ళని పెంచింది. మా ఆయన ఊపిరి వినిపించింది. పిల్లికూతలు. అలాంటి ఊపిరి వార్డులో రోజూ వింటాను, అది ఒక్క రోజులో వచ్చే జబ్బు కాదు. నర్సు పెళ్ళాన్ని పక్కన పెట్టుకుని, ఇన్నాళ్ళూ దాచారన్నమాట.

ఆ పిల్లికూతల మధ్య, రక్తం మింగుతూ, చాలా మెల్లగా అన్న మాటలు వినిపించాయి. "తప్పు నాదేరా... ఊపిరి అందట్లేదు నాకు... నువ్వు సరిగ్గానే కొడుతున్నావు."

వెంటనే ఆ మోగని సుత్తి దెబ్బ.

మా ఆయన గోడకి ఆనుకున్నది మా మరిదికి ఎడమ పక్కన.

రికార్డరు పట్టుకెళ్ళి సుత్తి కుడి చెవిలో ఇయర్‌ఫోను పెట్టాను. కళ్ళు మూసుకుని విన్నాడు. చివరి దెబ్బకి భుజం ఎగిరిపడింది. మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ విని, చేతి కట్టు గుండెకి ఆనించుకుని లేచి, ఇంటి వైపు నడిచాడు. ఏం చేస్తాడోనని వెనకే పరిగెత్తాను.

మంచం మీద మా ఆయన తల తిప్పి చూశారు. సుత్తి ఎడమ చేత్తో ఆయన కాలరు పట్టి లాగి లేపాడు. నేను కేకేశాను. అతను కొట్టలేదు. అన్నయ్య ముఖాన్ని తన కుడి చెవి దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ మాట ఇటు చెప్పు" అన్నాడు. "చచ్చిన చెవిలో చెప్తావా అలాంటి మాట? ఇటు చెప్పు."

వాచిపోయిన నోటితో మా ఆయన ఏం చెప్పారో గుమ్మంలో ఉన్న నాకు వినపడలేదు. సుత్తి కాలరు వదల్లేదు. "మళ్ళీ చెప్పు" అన్నాడు.