గోడవతలి కేక

మా ఇంటికీ ఆపా ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. ఆమెకు మ్యాచ్ కేబుల్‌లో వస్తుంది, మాకు నెట్‌లో. నెట్ ఎప్పుడూ అర నిమిషం వెనకే. మా టీవీలో ఆటగాడు ఇంకా బంతి వెంట పరిగెడుతుండగానే గోడవతల నుంచి "గోల్!" అని ఆపా కేక వినబడుతుంది. ఇక నేను చూసేదేముంది, చద్దన్నం. ఆ కేకంటే నాకు ఎన్నేళ్లుగానో కడుపుమంట.

ఆపా మా గల్లీకంతా బట్టలు కుట్టే మనిషి. నాకంటే పెద్దావిడ, అందుకే ఉర్దూలో అక్క అన్నట్టు ఆపా అంటాం. నేను కొత్త కోడలిగా జహీరాబాద్ వచ్చిన రోజుల్లో జాకెట్ కొలతలివ్వడానికి వెళ్లి, ఆమె టీవీలో మ్యాచ్ నడుస్తుంటే అలాగే నిలబడిపోయాను. ఆమె టేపు మెడలో వేసుకుని "నీది ఏ టీమ్ చెల్లె?" అని అడిగింది. ఫుట్‌బాల్ చూసే ఆడమనిషి ఈ ఊళ్లో ఇంకొకరు ఉన్నందుకు నాకు ప్రాణం లేచొచ్చింది. నాది నీలం చారల చొక్కా, ఆమెది పసుపు చొక్కా. ఆ దేశాల పేర్లు చెబితే మళ్లీ గొడవ, వద్దు.

మొన్నటి కప్పు సెమీఫైనల్లో మావాళ్లు పసుపు జట్టును ఓడించారు. నేను ఊరుకుంటానా? ఏడుస్తున్న పసుపు చొక్కాల ఫొటో కింద "చిరాగ్‌పల్లి చెక్‌పోస్టు దాటించినం, మళ్ల ఇటు రాకుండ్రి" అని రాసి మా గల్లీ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో వదిలాను. ఆ చెక్‌పోస్టు దాటితే మా రాష్ట్రం అయిపోయినట్టే. చూస్తుండగానే ఊరంతా తిరిగింది. ఎవరి స్టేటస్ తెరిచినా అదే. న్యాల్‌కల్ నుంచి మా తమ్ముడు తిరిగి నాకే పంపాడు, "చూడక్కా, ఎవరు రాసిన్రో గాని మస్తుంది" అని. నేను పొంగిపోయాను.

ఆ రోజు జాకెట్ల కోసం వచ్చిన ప్రతి ఒక్కతీ "చెక్‌పోస్టు దాటినవా ఆపా?" అని అడిగిందట. సాయంత్రానికి ఆపా గ్రూపులోంచి వెళ్లిపోయింది. మర్నాడు వాకిట్లో ఎదురుపడితే తల తిప్పుకుంది.

"జర పోయి మాట్లాడరాదు?" అన్నాడు మా ఆయన.

"నేనెందుకు పోవాలె? పోయిన కప్పుల మావోళ్లు ఓడిపోతే ఆమె నాకు లడ్డూలు పంపలేదా?"

"పంపింది. నువ్వు ఏడ్సుకుంట మొత్తం తిన్నవ్."

అది నిజమే. అయినా నేను వెళ్లలేదు.

ఫైనల్ ఆదివారం పొద్దున. వేరే ఏదో జట్టుతో. టీవీ ముందు కూర్చున్నాను. గోడవతల నుంచి కుట్టుమిషన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. అంటే చూడటం లేదన్నమాట. మావాళ్లు మొదటి గోల్ కొట్టారు. ఈ ఇంట్లో మొట్టమొదటిసారి, ముందే తెలియకుండా చూసిన గోల్. ఇన్నేళ్లూ నేను కోరుకున్నది అదే. ఎగిరి గంతేసి గోడ వైపు చూశాను. మిషన్ గడగడ కొట్టుకుంటూనే ఉంది. ఫోన్ నిండా బాణసంచా బొమ్మలు, గుండె గుర్తులు, ముక్కూ ముఖం తెలియనివాళ్ల అభినందనలు. అన్నీ ఉప్పులేని పప్పే. ఎవరిని ఉడికించాలి నేను? మా ఆయనకా, ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇప్పటికీ తెలియదు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

అవతలివాళ్లు గోల్ తిరిగి కొట్టారు. ఆట పెనాల్టీల దాకా పోయింది. పెనాల్టీల ముందు టీకి పెట్టిన పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది, నేను లేవలేదు. చివరి పెనాల్టీ మాది. అది పడితే కప్పు మాది. మావాడు ఇంకా బంతిని చేత్తో పట్టుకుని వస్తున్నాడు.

అప్పుడు గమనించాను, మిషన్ చప్పుడు ఆగిపోయి చాలాసేపయింది.

మావాడు బంతిని కింద పెట్టాడు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"గోల్!" గోడ అదిరింది. "గెలిచిన్రు చెల్లె! మీవోళ్లు గెలిచిన్రు!"

నేను లేచి పరుగెత్తాను.

"అగో, ఎటు పోతున్నవ్? ఇంక కొట్టనే లేదు గదా!" అని మా ఆయన వెనక నుంచి అరుస్తున్నాడు. నేను అప్పటికే ఆపా గేటు గడియ తీస్తున్నాను.