ముసుగులో మా నాయిన

“అయ్యో, చచ్చిపోయిన!”

“దీపాలు పెట్టే యాళ్ల ఏం మాటనే అది? ఫోను బంద్ చెయ్యి.”

“గేమ్ నానమ్మా! నా నింజా గుంతల పడ్డది, మల్ల లేస్తది. ఎక్కడోళ్లో ముగ్గురు నాతోని రేసుల ఉన్నరు, జర ఆగు!”

“పడ్డోళ్లందరు లేస్తరా?”

మనవరాలి చేతిలోంచి ఫోన్ లాక్కోబోయి తెర చూశాను. నల్లముసుగు బొమ్మ గోడలెక్కి ఉరుకుతోంది. ఫోన్ లాక్కోవడం మాని చూస్తూ కూర్చున్నాను.

మా నాయిన సినిమాల్లో ఫైటర్. నా చిన్నప్పుడు ఒకసారి జూబ్లీహిల్స్ బండల దగ్గర షూటింగుకు నన్ను తీసుకుపోయాడు. ఎండకు బండలు కాలుతున్నాయి. ముసుగు దొంగలు షూటింగు కోసం కట్టిన ఎత్తైన గోడ మీద వరసగా పరుగెత్తారు. చివరివాడు మా నాయినే. పరుగును బట్టి పోల్చుకున్నాను. హీరో చెయ్యి విసరగానే అంత ఎత్తునుంచి వెల్లకిలా పడ్డాడు. కదల్లేదు. చుట్టూ ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. మా నాయిన చచ్చిపోతే వీళ్లకింత సంతోషమా అని బిగుసుకుపోయాను. ఏడుపు కూడా రాలేదు.

అంతలో ఆయన లేచి, దుమ్ము దులుపుకుని నా దగ్గరికి వచ్చాడు.

“భయపడ్డవా బిడ్డా? గిదంత ఉత్తుత్తిదే.”

నేను నమ్మాను. సినిమాలో పడితే దెబ్బ తగలదనుకున్నాను.

మర్నాడు పొద్దున నాయిన మంచం మీంచి లేవలేకపోయాడు. అమ్మ ఉప్పు వేయించి, మూటకట్టి నడుముకు కాపడం పెట్టింది. వీధిలో సినిమా కంపెనీ వ్యాను హారన్ కొట్టింది. నాయిన గోడ పట్టుకుని నిలబడి, మెల్లగా వెళ్లి ఎక్కాడు.